ముడులమ్మ అల్లిన గోడ

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో మాత్రం అది ఎవరికీ గుర్తులేదు. రేవు వెనక సందులో, కింద దుకాణాలూ పైన కాపురాలూ ఉన్న ఇళ్ల వరుసలో, వలలు అల్లే ముసలావిడ ఎక్కడుంటుందని ఎవరైనా అడిగితే "ముడులమ్మా? అదిగో, ఆ నీలం తలుపు" అని చూపించేవారు. ఆటస్థలాల్లో గోల్ పోస్టులకు కట్టే వలలు, లారీల్లో సరుకు మీద కప్పే వలలు, ఓడల్లోకి సరుకెత్తే లావుపాటి తాళ్ల వలలు, ఏదైనా సరే, ఆమె బిగించిన ముడి మళ్లీ జారిందన్న మాట లేదు. అంత గట్టి ముడులు వేస్తుంది కాబట్టే మనిషి కూడా ముడుచుకునే ఉంటుందని గిట్టనివాళ్లు అనేవారు. అందులోనూ కొంత నిజముంది.

ఆమె భర్త రేవులో సరుకెత్తే కూలీ. పెళ్లయి కొడుకు పుట్టి, వాడు నడక నేర్చిన రోజుల్లో, ఎవరో అల్లిన వలలో ఎవరో సరిగ్గా బిగించని ముడి ఒకటి జారింది. పైకెత్తిన మూటలన్నీ అతని నడుం మీద పడ్డాయి. ప్రాణం పోలేదు కానీ అతను మళ్లీ మంచం దిగలేదు. ఆ మంచం పక్కనే పీట వేసుకుని ఆమె వలలు అల్లింది. అల్లుతూనే భర్తకు అన్నం తినిపించింది, కొడుక్కి అక్షరాలు దిద్దించింది, చివరికి అతను పోతే ఆ మంచాన్ని ఖాళీ చేసింది. అల్లిన వలను అప్పగించే ముందు ప్రతి ముడినీ బొటనవేలితో నొక్కి చూడటం అప్పటినుంచీ ఆమెకు అలవాటు. పక్కన ఎంత తొందరపెట్టేవాడు నిలబడినా ఆ తడుముడు ఆగేది కాదు.

కొడుకు పెద్దవాడై లారీ నడపడం మొదలుపెట్టాడు. దూరప్రయాణాలు. ఒకసారి ఏదో కాలేజీకి గాజుసామాను దింపడానికి వెళ్లి, అక్కడ సూక్ష్మజీవుల పాఠాలు చెప్పే అమ్మాయితో పగిలిన సీసాల గురించి పోట్లాట పెట్టుకుని, ఏడాది తిరక్కుండా ఆమెనే పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు.

ముడులమ్మకు కోడలంటే కోపం లేదు. భయం. ఈ పిల్ల పొద్దున లేచి రోగాల్ని పెంచడానికి వెళుతుంది. గాజు పళ్లేల్లో వాటికి తిండి పెడుతుంది. సాయంత్రం ఆ చేతులతోనే ఇంటి తలుపు తీస్తుంది. అందుకని కోడలు లోపలికి రాగానే ముడులమ్మ తడిగుడ్డ పట్టుకుని గడియ తుడిచేది. కోడలి గ్లాసు వేరు, సబ్బు వేరు. కోడలు చేసిన చారు ఎప్పుడైనా తాగాల్సి వస్తే, "ఇంకాస్త మరగనివ్వాల్సింది" అంటూ మళ్లీ పొయ్యి మీద పెట్టేది. కోడలు తరగతిలో గలగలా మాట్లాడే మనిషేనట. ఇంట్లో మాత్రం నోరు విప్పేది కాదు. ఇద్దరి మధ్యా కొడుకు వారధి. అతను ప్రయాణంలో ఉన్న రోజుల్లో ఆ వారధి కూడా ఉండేది కాదు.

అలాంటి ఒక ప్రయాణం సమయంలోనే ముడులమ్మ కాలికి దెబ్బ తగిలింది. బాగుచేయమని తెచ్చిచ్చిన పాత సరుకువలలోంచి తుప్పుపట్టిన ఇనుప కొక్కెం ఒకటి జారి ఆమె పాదం మీద పడింది. వేళ్ల దగ్గర చీరుకుపోయింది. ఆమెకు చాలాకాలంగా చక్కెర జబ్బు ఉంది. పాదాల్లో స్పర్శ సగం పోయింది కాబట్టి నొప్పి పెద్దగా తెలియలేదు. ఉప్పునీళ్లతో కడిగి, పాత గుడ్డ చుట్టి, పైన మేజోడు తొడిగేసింది. కోడలికి చెబుతుందా? చచ్చినా చెప్పదు. చెబితే ఆ పిల్ల చేతులు పుండు మీద పడతాయి.

మేజోడు ఎన్నాళ్లు దాస్తుంది? ఒక మధ్యాహ్నం కోడలు తొందరగా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. కుళ్లుతున్న పుండు వాసన ఆమెకు కొత్తది కాదు. ముడులమ్మ తొట్టిలో కాలు పెట్టుకుని కూర్చుని ఉంది. కోడలి అలికిడి విని గబగబా మీద గుడ్డ లాక్కుంది.

"అత్తయ్యా, ఆ కాలు ఇలా ఇవ్వండి."

"ఏం లేదులే. గీసుకుంది, అంతే."

"ఇవ్వండి అంటున్నానా!"

ఆ ఇంట్లో కోడలి గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదటిసారి. ముడులమ్మ గుడ్డ తీసి కాలు చాపింది. కాలు చూసిన కోడలు వీధిలోకి పరిగెత్తి బండి పిలుచుకొచ్చింది.

ఆసుపత్రిలో పెన్సిలిన్ జాతి మందు ఒకటి సూదిద్వారా ఎక్కించారు. మామూలుగా ఈ పుళ్లకు అదే పనిచేస్తుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. కానీ జ్వరం దిగలేదు. వేళ్ల దగ్గరున్న నలుపు పాదం మీదికి పాకడం మొదలుపెట్టింది. పుండులోంచి తీసిన నీరు పరీక్షకు పంపితే, ఈ క్రిమి ఆ మందుకు లొంగని రకమని తేలింది. మందు మార్చారు. కొత్త మందు సీసాలోంచి చుక్కచుక్కగా, చాలాసేపు ఎక్కించాలి. ఈలోగా రెండు వేళ్లు తీసేయక తప్పదన్నారు. తీసేశారు. మిగతా పాదం నిలుస్తుందో లేదో కొన్నాళ్లు ఆగితే గానీ చెప్పలేమన్నారు.

ఆ ఆగే రోజుల్లో కోడలు కాలేజీకి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. కొడుకు లారీ ఎక్కడో కొండదారుల్లో మంచులో చిక్కుకుపోయింది. ఫోనులో అతని గొంతు కూడా సరిగా వినిపించడం లేదు. వార్డులో పన్నెండు మంచాలు, ఒకటే కిటికీ. ముడులమ్మకు తోచదు. చేతిలో సూదీ దారం లేకపోతే ఆమె వేళ్లు దుప్పటి అంచుకు ముడులు వేస్తూ ఉండేవి. ఒకరోజు ఉన్నట్టుండి అడిగేసింది.

"నిజం చెప్పమ్మాయ్. ఇది నీ కాలేజీ నుంచి వచ్చిందేనా?"

కోడలు సీసాలోంచి పడుతున్న చుక్కల మీంచి చూపు మరల్చింది.

"కాదత్తయ్యా. ఇది ఎక్కడినుంచో రానక్కర్లేదు. చాలామంది చర్మం మీదా ముక్కులోనూ ఉండే రకమే. ఊరికే ఉన్నంతసేపు ఏమీ చెయ్యదు. చర్మం చీరుకుంటే దారి దొరుకుతుంది, లోపలికి పోతుంది. మా ల్యాబులోవి ల్యాబులోనే ఉంటాయి. నేను చేతులు ఎన్నిసార్లు కడుక్కుంటానో మీకు తెలీదు." గొంతు తగ్గించి అంది. "మీరు గడియ తుడవడం నేను మొదటిరోజే చూశాను."

"చూశావా?"

"చూశాను."

ముడులమ్మ మొహం అటు తిప్పుకుంది. పక్కమంచం మీది ముసలావిడ ఏదో పాత పాట కూనిరాగం తీస్తోంది. ముడులమ్మ మొహం ఇటు తిప్పకుండానే అంది.

"మొదటి మందు దాన్నేమీ చెయ్యలేదేం?"

కోడలికి అది క్షమాపణ కాదని తెలుసు. అయినా ఆ నోటినుంచి అంతకంటే మెత్తని మాట ఎప్పుడూ రాలేదు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఆ క్రిమి చుట్టూ ఒక గోడ ఉంటుందత్తయ్యా. గోడ అంటాం గానీ ఇటుకల గోడ కాదు. నిజానికి అది వల."

"వలా?" ముడులమ్మ ఇటు తిరిగింది.

"వలే. ఒళ్లంతా కప్పే ఒకే ఒక్క వల, సంచీలాగా. చక్కెర ముక్కల్ని గొలుసుగా గుచ్చి చేసిన పొడవాటి దారాలు ఒళ్లు చుట్టూ తిరుగుతాయి. ఒక్కో దారం నుంచి చిన్నచిన్న పోగులు బయటికి వేలాడుతుంటాయి. ఈ దారం పోగునీ పక్క దారం పోగునీ కలిపి ముడేస్తే వల తయారవుతుంది. ఆ ముడుల్లోనే దాని బలమంతా. లోపల నీళ్లు ఒత్తుకుంటూ ఉంటాయి కదా, వల లేకపోతే అది బుడగలా పగిలిపోతుంది."

"పురుగు పెరగాలంటే? వల బిగుతైపోదూ?"

కోడలి కళ్లు మెరిశాయి. ఆ ప్రశ్న అడగమని ఆమె తరగతిలో ఏటేటా పిల్లల్ని బతిమాలుతుంది.

"బిగుతవుతుంది. అందుకే కొన్ని ముడులు కత్తిరించి, సందు చేసుకుని, కొత్త దారం దూర్చి మళ్లీ ముడేస్తుంది. కత్తిరించేవి వేరే ఉంటాయి, ముడేసేవి వేరే ఉంటాయి. దారం ముక్కలు లోపల తయారవుతాయి. వాటిని వల కింద ఉండే పొర దాటించి బయటికి చేరవేసే మోతగాళ్లుంటారు."

"మన రేవులో లాగా."

"అచ్చం అలాగే. పెన్సిలిన్ ఏం చేస్తుందంటే, చూడ్డానికి పోగు కొసలాగే ఉంటుంది. ముడేసేది దాన్ని పోగే అనుకుని పట్టుకుంటుంది. ఇంక వదిలించుకోలేదు."

"చేతులకి జిగురు పూశారన్నమాట."

"అంతే! కానీ కత్తిరించేవి ఆగవు. అవి కత్తిరిస్తూనే ఉంటాయి, కట్టేవాళ్లు ఉండరు. వల వదులై, బుడగ పొంగి, పగిలిపోతుంది. మన ఒంట్లో కణాలకి ఇలాంటి వల లేదు కాబట్టి ఈ దెబ్బ మనకి తగలదు."

ముడులమ్మకు జాలేసింది. "పాపం, ఆ కత్తిరించేవాడికి ఆగరా బాబూ అని చెప్పేవాడే లేడా?"

కోడలు నవ్వింది. అత్తగారి ఎదుట ఆమె అంత బిగ్గరగా నవ్వడం ఎప్పుడూ జరగలేదు. పక్కమంచం ఆవిడ పాట ఆపి చూసింది.

"మీ కాలిలో ఉన్నది గడుసుది. ముడేయడానికి ఇంకొకదాన్ని సంపాదించుకుంది. అది ఆ మందుని చేత్తో ముట్టదు. అందుకే మందు ఎక్కించినా వల అల్లుకుంటూనే పోయింది. ఇప్పుడు ఎక్కుతున్నది వేరే రకం. ఇది ముడేసేవాడి జోలికి పోదు. పోగు కొసనే గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటుంది. కొస దొరక్కపోతే ఎంత గడుసువాడైనా ఏం ముడేస్తాడు?"

ముడులమ్మ దుప్పటి అంచు పోగు ఒకటి పట్టుకుని, దాని కొసను గుప్పిట్లో మూసి, రెండో చేత్తో లాగి చూసుకుంది. ఆ సాయంత్రం జ్వరం కాస్త తగ్గింది. మర్నాటికీ పెరగలేదు. నలుపు ఆగిన చోటే ఆగింది. పాదం నిలిచింది.

ఇంటికొచ్చాక ఆమె చేతికర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంటూ ఉండగా, ఒకరోజు కోడలు మొహమాటపడుతూ దగ్గరికొచ్చింది.

"అత్తయ్యా, మా పిల్లలకి ఈ గోడ పాఠం ఎంత చెప్పినా తలకెక్కడం లేదు. బోర్డు మీద బొమ్మ గీస్తే నిద్రపోతున్నారు. మీరొక వల అల్లి పెడతారా? పెద్ద బుడగకి సరిపోయేలా. కొన్ని ముడులు వెయ్యకుండా వదిలెయ్యాలి. గాలి కొడితే అక్కడ పొంగి పగలాలి. పిల్లలు జన్మలో మర్చిపోరు."

"వదిలెయ్యడమా?"

"మందు పడ్డ చోటన్నమాట."

ముందుగదిలో ఇద్దరూ కూర్చున్నారు. పొడవు దారాలకు ఎర్రవి, అడ్డం పోగులకు తెల్లవి. ముడులమ్మ చెక్కసూదితో అల్లుతుంటే కోడలు పోగులు కత్తిరించి అందించేది. మధ్యమధ్య కోడలు కూడా ముడి వెయ్యబోయేది. "అది ముడి కాదమ్మా, బూటు లేసు" అని ముడులమ్మ విప్పించేది. కోడలి వేళ్లు పట్టుకుని దారం ఎటు తిప్పాలో చూపించేది. పట్టుకున్నది ఆ చేతుల్నేనని ఆమెకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. ఒక పక్కన, అరచెయ్యంత మేర, తెల్లపోగుల్ని ముడెయ్యకుండా వదిలి, వల ముగించారు.

తరగతి రోజున కోడలు ఆమెను కూడా తీసుకెళ్లింది. బెంచీల మధ్య నడిచేటప్పుడు పిల్లలంతా లేచి నిలబడితే ముడులమ్మకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ముందువరుస పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కోడలు నిజంగానే గలగలా మాట్లాడే మనిషి. చేతులు ఊపుతుంది, జోకులు వేస్తుంది, పిల్లల్ని ఎత్తిపొడుస్తుంది. ఇంట్లో ఇన్నాళ్లూ ఈ మనిషి ఎక్కడ దాక్కుందా అని ముడులమ్మ ఆశ్చర్యపోయింది.

"ఇప్పుడు మందు పడింది. ముడేసేవాళ్ల చేతులకి జిగురు అంటుకుంది. ఇక చూడండి!" అంటూ కోడలు వలలోని బుడగకు పంపుతో గాలి కొట్టసాగింది. బుడగ నిండింది. వల బిగుసుకుంది. ముందువరుస పిల్లలు చెవులు మూసుకున్నారు. ఇంకా కొట్టింది. దారాలు కిర్రుమన్నాయి కానీ ఎక్కడా పొంగలేదు. కోడలి మొహానికి చెమటలు పట్టాయి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత తరగతంతా ఘొల్లుమంది.

కోడలు పంపు పక్కన పెట్టి వలను చేత్తో తిప్పి చూసింది. ముడెయ్యకుండా వదిలిన అరచెయ్యంత చోటు ఎక్కడా లేదు. అన్ని తెల్లపోగులూ చక్కగా, గట్టిగా ముడేసి ఉన్నాయి. ఆమె అత్తగారి వైపు చూసింది. ముడులమ్మ తలవంచుకుని చేతికర్ర పిడిని చూసుకుంటోంది. తెల్లవారుజామున లేచి, కోడలు లేవకముందే, ఆ ముడులన్నీ వేసి కూర్చున్నది ఆమే.

కోడలికి ఒక్క క్షణం ఏడుపొచ్చినంత పనయింది. తర్వాత ఏమనుకుందో, పిల్లల వైపు తిరిగింది.

"నవ్వడం అయిందా? సరే, చెప్పండి. మందు వేశాం, గోడ పగల్లేదు. అంటే ఏం జరిగి ఉంటుంది?"

నవ్వులు సర్దుకున్నాయి. కిటికీ పక్కనున్న అమ్మాయి ఒకతె నెమ్మదిగా అంది. "ముడేసేవాళ్లు ఇంకెవరో ఉన్నారు మేడం. జిగురు అంటనివాళ్లు."

"ఉన్నారు. అలాంటి క్రిమే మా అత్తయ్య రెండు వేళ్లు తినేసింది."

పిల్లల చూపులు ముడులమ్మ కాలి మీదికి వెళ్లాయి. ఆ అమ్మాయే మళ్లీ అడిగింది, ఈసారి ముడులమ్మని. "మరి మీకెలా తగ్గిందండీ?"

ముడులమ్మ కోడలి వైపు చూసింది. కోడలు చెప్పమన్నట్టు తలూపింది. కర్ర ఆనించుకుంటూ లేచి బల్ల దగ్గరికి వెళ్లి, ఒక ముడి చివర మిగిలి వేలాడుతున్న తెల్లపోగు కొసను గుప్పిట్లో మూసుకుంది.

"రెండో మందు ఇదుగో, కొసని ఇట్టా పట్టేసుకుందంట. ఇంక ముడేసేదెవరు?" అంది. తర్వాత కుర్చీ బల్ల దగ్గరికి లాగించుకుని, తెల్లవారుజామున వేసిన ముడుల్ని గోటితో విప్పడం మొదలుపెట్టింది. కత్తెర ఇస్తామంటే వద్దంది. తను బిగించిన ముడిని తను విప్పడం ఆమెకు అలవాటు లేని పని. మొదటి ముడి ఊడడానికి చాలాసేపు పట్టింది. పిల్లలు బెంచీలు వదిలి చుట్టూ మూగారు. ఒక్కో ముడి ఊడుతుంటే ఎర్రదారాలు ఎడమవుతూ, మధ్యలోంచి బుడగ ముందు బఠాణీ గింజంత, తర్వాత కోడిగుడ్డంత బయటికి ఉబ్బింది.

ఢామ్మని పగిలింది. అందరికంటే ఎక్కువగా ఉలిక్కిపడింది ముడులమ్మే. పిల్లల కేరింతలకు పక్క తరగతి మాస్టారు పరిగెత్తుకొచ్చాడు.

తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కోడలు టికెట్లు తీసుకుంది. ముడులమ్మే మాట కలిపింది.

"చెడగొట్టాలని కాదమ్మాయ్. ముడి వదిలేసి ఊరుకోలేకపోయా. కళ్లు మూసుకుంటే మీ మామయ్యే కనిపించాడు."

"తెలుసత్తయ్యా. మీ అబ్బాయి చెప్పారు. నేనే అడక్కుండా ఉండాల్సింది."

"అడిగితేనే మంచిదైంది." ముడులమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "విప్పినా కొంప మునగలేదు."

కొండదారులు తెరుచుకున్నాక ఎట్టకేలకు ఇల్లు చేరిన కొడుకు, తల్లి కాలు చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె వాడి నెత్తిన ఒక్కటిచ్చి "ఎనిమిది మిగిలాయి కదరా, లెక్క రాదా?" అంది. ఆ పూట అతను ఇద్దరి మధ్యా అలవాటుగా వారధి కట్టబోయాడు. "అమ్మ ఏమంటోందంటే..." అని మొదలుపెట్టగానే, "నాకు వినబడింది లెండి" అని కోడలూ, "దానికి చెవులున్నాయిరా" అని తల్లీ ఒకేసారి అన్నారు. అతను బిక్కమొహం వేసి అన్నం తిన్నాడు.

కాలు పూర్తిగా మానాక ముడులమ్మ ఒక కోరిక కోరింది. తన వేళ్లు తిన్న ఆ క్రిమిని చూడాలని. "అదే కాదు గానీ దాని చుట్టం లాంటిది ఒకటి, ప్రమాదం లేనిది, చూపిస్తాను" అని కోడలు ఒక సెలవురోజు ఆమెను ల్యాబుకు తీసుకెళ్లింది. ముడులమ్మ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆగి, లోపలికి అడుగుపెట్టింది. కోడలు గాజుపలక మీద చుక్క పరిచి, మంట మీద వేడిచేసి, రంగు పోసి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది.

"ఒక కన్ను మూసి చూడండి. రంగు కనబడుతోందా?"

"ఊదా. ద్రాక్షగుత్తులున్నాయి."

"గోడ మందంగా ఉంది కాబట్టి ఆ రంగుని పట్టుకుని వదల్లేదు. గోడ పల్చగా ఉన్నవాటికైతే కడిగితే రంగు పోతుంది."

"బతికున్నాయా?"

"లేవు. వేడిచేసినప్పుడే పోయాయి."

ముడులమ్మ చాలాసేపు కన్ను తియ్యలేదు. ఇంత సన్నటి దాని చుట్టూ వల. ఆ వలలో ఆమె లెక్కపెట్టలేనన్ని ముడులు. చూపు చెదిరి నీళ్లు కారుతుంటే కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. తర్వాత మెల్లగా పక్కకు జరిగి, కోడలి మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"నువ్వూ చూడమ్మాయ్, బాగున్నాయి."

కోడలు అలాంటివి కొన్ని వేలసార్లు చూసి ఉంటుంది. వంగి, ఒక కన్ను మూసుకుని, చూసింది.